కాలు కింద కిర్రుమంటోందా?

ప్లెయిన్స్‌బరో (న్యూజెర్సీ): అమెరికాలో కారు లేకపోతే కాళ్లు కట్టేసినట్టే. ప్లెయిన్స్‌బరోలో ఉండే మనవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. హంటర్స్ గ్లెన్‌లోనో, ఫాక్స్ రన్‌లోనో అపార్ట్‌మెంటు తీసుకుని దిగినవాడికి పాలప్యాకెట్ కావాలన్నా కారే, ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో న్యూయార్క్ రైలెక్కాలన్నా కారే. అలాంటి కారు ఓ పొద్దున్నే క్లచ్ తొక్కగానే 'కిర్ర్'మంటే గుండె ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు.

ఇక్కడ క్లచ్ బండి ఎవరు నడుపుతున్నారండీ అని మీరు అడగొచ్చు. నిజమే. అమెరికాలో అమ్ముడయ్యే కొత్త కార్లలో మాన్యువల్ గేరువి నూటికి రెండు కూడా ఉండవు. కానీ సెకండ్ హ్యాండ్ మార్కెట్ లెక్క వేరు. ఇక్కడివాళ్లలో చాలామందికి గేర్లు మార్చడం రాదు. అందుకని అవే కార్లు మాన్యువల్ అయితే కొన్నిసార్లు కాస్త చవగ్గా దొరుకుతాయి. మారుతి 800 మీద అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో డ్రైవింగ్ నేర్చుకుని వచ్చినవాడికి అంతకంటే ఏం కావాలి? నేనూ అలా కొన్నవాణ్నే. పదేళ్లు నిండిన జపాన్ బండి. గేర్ రాడ్డు కుడిచేతి వైపుకి వచ్చిందన్న మాటే గానీ, కాళ్ల కింద అంతా మన వరసే: ఎడమకాలికి క్లచ్, కుడికాలికి బ్రేకు, యాక్సిలరేటరు.

2009 ఫిబ్రవరిలో ఆ బండి అరవడం మొదలుపెట్టింది. తొక్కితే కిర్రు, వదిలితే కిర్రు. నాలుగు రోజులు రేడియో సౌండు పెంచుకుని నెట్టుకొచ్చాను (మనందరం చేసే మొదటి రిపేరు అదే). అయిదో రోజు దగ్గర్లోని ఓ షాపులో చూపిస్తే, కౌంటరు దగ్గర కుర్రాడు బండి ముఖమైనా చూడకుండా 'క్లచ్ మొత్తం మార్చాలి, తొమ్మిది వందల డాలర్లు' అన్నాడు. ఆ ఏడాది సంగతి గుర్తుందిగా! ప్రాజెక్టులు పోయి బెంచి మీద కూర్చున్నవాళ్లు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నారు. తొమ్మిది వందలంటే దాదాపు నెల అద్దె.

అప్పుడు దొరికాడు దేవుడిలా మా మిత్రుడి నాన్నగారు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీల క్లచ్‌లు, గేర్ బాక్సులు దించి ఎక్కించిన మేస్త్రి. కొడుకు దగ్గరికి ఆర్నెల్ల విజిట్ మీద వచ్చి, చలికి బయటికెళ్లలేక, టీవీ చూడలేక గింజుకుంటున్నారు. పార్కింగులో నా బండి అరుపు కిటికీలోంచి విని, మంకీ క్యాపు పెట్టుకుని కిందికి దిగొచ్చారు.

'ఏంటబ్బాయ్, దానికి నూనె చుక్క పెట్టవా?'

'క్లచ్ పోయిందట బాబాయ్ గారూ. తొమ్మిది వందలు అడుగుతున్నారు.'

'ఎవరు చెప్పారు? ముందు ఇంజన్ ఆపు. ఆపి, ఇప్పుడు తొక్కు.'

ఆపి తొక్కాను. కిర్రుమంది.

'ఇంజన్ తిరక్కుండానే అరుస్తోందంటే అరిచేది నీ కాలి దగ్గర. లోపల తిరిగే బేరింగ్ కాదు. ఇంక ఆ కుర్రాడి దగ్గరికి పోకు' అన్నారాయన.

ఇంజన్ ఆపి వినండి

క్లచ్ చప్పుడు గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. పెడల్ నుంచి క్లచ్ ప్లేటు దాకా ఒక గొలుసు ఉంటుంది. మీ కాలు పెడల్ని తొక్కుతుంది. పెడల్ పాత బళ్లలో అయితే ఒక కేబుల్ని లాగుతుంది, కొత్త బళ్లలో అయితే మాస్టర్ సిలిండర్‌లో ఉన్న ఆయిల్‌ని నెడుతుంది. ఆ నెట్టుడు గేర్ బాక్స్ దగ్గర క్లచ్ ఫోర్కుని కదిలిస్తుంది. ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ని ముందుకు తోస్తే, అది ప్రెజర్ ప్లేటు వేళ్ల మీద నొక్కుతుంది. అప్పుడు ప్లేటు పట్టు వదిలి, ఇంజనూ గేర్ బాక్సూ విడిపోతాయి. ఇందులో సగం భాగాలు కాలితో తొక్కితేనే కదులుతాయి. మిగతా సగం ఇంజన్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. ఇంజన్ ఆపేస్తే తిరిగేవన్నీ నోరు మూసుకుంటాయి. అప్పటికీ చప్పుడొస్తే దొంగ మొదటి సగంలో ఉన్నట్టు.

చదును నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపండి. అద్దాలు ఎత్తేయండి. పెడల్ని మెల్లిగా చివరిదాకా తొక్కి మెల్లిగా వదలండి. ఇంకో మనిషిని బానెట్ దగ్గర నిలబెడితే మంచిది. చప్పుడు మీకు గట్టిగా వినిపించి ఆయనకి వినపడకపోతే అది పెడల్ దగ్గరే. ఆయనకి గట్టిగా, మీకు సన్నగా వినిపిస్తే గేర్ బాక్స్ దగ్గర ఫోర్కు.

పెడల్ దగ్గర అరిచేవి చాలామటుకు చిన్న చిన్న సరుకులే. పెడల్ ఊగే ఇరుసు దగ్గర నైలాన్ బుష్‌లుంటాయి. వాటిలో గ్రీజు ఎండిపోయినా, బుష్ అరిగి లొడలొడలాడినా కిర్రుమంటుంది. పెడల్ని పైకి లాగే స్ప్రింగు కొక్కెం దగ్గర ఒరుసుకుంటే 'టంగ్'మంటుంది. మాస్టర్ సిలిండర్‌కి వెళ్లే కడ్డీ పెడల్‌కి పిన్నుతో కలిసే చోట కూడా అంతే. కేబుల్ బండి అయితే కేబుల్ లోపల తుప్పు పట్టి గరగరమంటుంది, పెడల్ కూడా బరువెక్కుతుంది. కేబుల్‌కి చికిత్స లేదు, మార్చేయడమే.

ఇక్కడి బళ్లలో ఇంకో తమాషా ఉంది. క్లచ్ తొక్కితే గానీ ఇంజన్ స్టార్ట్ కాదు. అందుకోసం పెడల్ పైన ఒక స్విచ్చి ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ అది సన్నగా 'టిక్'మనడం మామూలే. ఆ టిక్కు కోసం మెకానిక్ దగ్గరికి పోతే నవ్విపోతారు.

ముందు కాలి కింద మ్యాట్ కూడా చూసుకోండి. చలికాలం రాగానే మంచు బూట్ల కోసం పాత మ్యాట్ మీదే ఇంకో రబ్బరు మ్యాట్ పరుస్తాం. పెడల్ దానికి రాసుకుని కీచుమంటుంది. అది చప్పుడుతో పోతే పర్లేదు. 2009లో టయోటా కంపెనీ దాదాపు 38 లక్షల బళ్లను వెనక్కి పిలిచింది ఈ మ్యాట్ గొడవకే. యాక్సిలరేటరు మ్యాట్‌లో ఇరుక్కుని పైకి లేవకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకచోట ఒకే మ్యాట్, అదీ కొక్కేలకు తగిలించి.

గ్రీజు పెట్టడంలోనూ పద్ధతుంది

మేస్త్రి గారు నా చేత టార్చి పట్టించి, డ్రైవర్ సీటు కింది నుంచి డ్యాష్‌బోర్డు లోపలికి తల దూర్చారు. అరవై దాటిన మనిషి, మైనస్ డిగ్రీల చలి. నాకే సిగ్గేసింది. వేలితో తడిమి చెప్పారు: బుష్ ఒకవైపు అరిగింది, గ్రీజు ఎండి పొట్టులా రాలుతోంది.

మనలో చాలామంది చేసే పని డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చి అక్కడంతా కొట్టేయడం. చప్పుడు వెంటనే ఆగుతుంది. కొద్ది రోజులకి మళ్లీ మొదలవుతుంది, ఇంకాస్త గట్టిగా. ఆ మామూలు డబ్బాలో ఉండేది పల్చటి నూనె. ఉన్న పాత గ్రీజునీ కరిగించి కార్చేస్తుంది. బుష్‌ల దగ్గరికి తెల్లటి లిథియం గ్రీజు గానీ, ప్లాస్టిక్‌కి పనికొచ్చే సిలికాన్ గ్రీజు గానీ కావాలి. ఏ ఆటో పార్ట్స్ షాపులోనైనా చిన్న ట్యూబు పది డాలర్ల లోపే. పాతది గుడ్డతో తుడిచి, కొత్తది కొంచెమే పెట్టి, పెడల్ని ఇరవై సార్లు ఆడించాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నా. స్ప్రే కొట్టేటప్పుడు పెడళ్ల రబ్బరు మీద పడనివ్వకండి. సిలికాన్ పడిన బ్రేకు పెడల్ మీంచి బూటు సర్రున జారుతుంది. పక్కనే పాత టీషర్టు పరుచుకుని పని చేయండి, అయ్యాక పెడళ్లు తుడవండి.

అలాగే, టార్చి చేతిలో ఉన్నప్పుడే పెడల్ పైభాగంలో, కింద కార్పెట్ మీద తడి ఉందేమో చూడండి. ఉంటే అది మంచు నీళ్లా, ఆయిలా అని వేలితో రాసి చూడాలి. చాలా బళ్లలో క్లచ్ కూడా బ్రేక్ ఆయిల్‌తోనే పనిచేస్తుంది. కొన్నింటిలో రెండింటికీ డబ్బా ఒక్కటే. మాస్టర్ సిలిండర్ కారుతుంటే పెడల్ మెత్తబడి, ఓ రోజు నేలకి అతుక్కుపోయి లేవదు. చప్పుడుతో పాటు తడి కూడా కనిపిస్తే అది గ్రీజు పని కాదు, నేరుగా మెకానిక్ దగ్గరికే.

నా బండికి బుష్ జత, గ్రీజు కలిపి ఇరవై డాలర్లు కాలేదు. ఆయన కూలి కింద మా ఇంట్లో గోంగూర పప్పు, వడియాలు.

బుష్‌లు బిగిస్తూ ఆయన బేరింగుల గురించి చెబుతుంటే, నేను ఈ ఊరి పాత కథ ఒకటి చెప్పాను. ఒకప్పుడు ప్లెయిన్స్‌బరో అంటే పాల ఊరు. వాకర్-గోర్డన్ డెయిరీలో 1930లో తిరిగే పాల యంత్రం పెట్టారు. గుండ్రటి పెద్ద పళ్లెం మీద 50 ఆవులు ఎక్కి నిలబడితే, అది ఒక చుట్టు తిరిగేసరికి పాలు పితకడం అయిపోయేది. మేస్త్రి గారు చాలాసేపు ఆలోచించి, 'యాభై ఆవులంటే బరువు మాటలా! దాని కింద బేరింగులు ఎవడు చూసుకునేవాడో మహానుభావుడు' అన్నారు.

ఇంజన్ ఆన్ చేస్తేనే వస్తే

ఇక రెండో సగం. ఇంజన్ ఆపితే నిశ్శబ్దం, ఆన్ చేస్తేనే చప్పుడు అన్నప్పుడు, పెడల్ ఏ స్థితిలో ఉంటే వస్తోందో గమనించాలి. ఇది మూసి ఉన్న గరాజ్‌లో చేయొద్దు. పొగతో ప్రాణాలు పోతాయి. ఆరుబయట హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి వినండి.

కాలు ఆనించి కొంచెం నొక్కగానే 'గుయ్య్'మనో 'చిర్ర్'మనో మొదలై, ఇంకా తొక్కితే పెరిగి, వదలగానే ఆగిపోతే అది రిలీజ్ బేరింగ్. క్లచ్ చప్పుళ్లలో అందరికీ తెలిసిన పేరు ఇదే. లోపలి గ్రీజు అయిపోయి గుండ్లు పొడిగా తిరుగుతున్నాయన్నమాట. చలి పొద్దున్నే ఎక్కువగా, బండి వేడెక్కాక తక్కువగా ఉండొచ్చు. తగ్గింది కదా అని సంబరపడొద్దు. బేరింగ్ తనంతట తాను బాగుపడదు.

దీనికి పూర్తిగా తలకిందులుగా, పెడల్ పైన ఉండగా గరగరమని, తొక్కగానే ఆగిపోతే అనుమానించాల్సింది గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని. క్లచ్ తొక్కితే ఆ షాఫ్ట్ తిరగడం మానేస్తుంది కనుక చప్పుడూ మానేస్తుంది. కొన్ని బళ్లలో న్యూట్రల్‌లో గేర్ల గలగల పుట్టుకతోనే ఉంటుంది, అది వేరే. కొత్తగా మొదలైందా, పెరుగుతోందా అన్నదే లెక్క. క్లచ్ చివరిదాకా తొక్కి, గేరు వేసి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడే కీచుమంటే పైలట్ బేరింగ్ కావచ్చు. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న కార్లలో అది ఉండనే ఉండదు. మెకానిక్ ఆ పేరు చెబితే 'మా బండికి ఉందా?' అని ఒక్క మాట అడగండి.

రివర్స్ వేస్తే 'గర్ర్'మనడం గురించి కూడా చాలామంది అడుగుతారు. క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేస్తే సాఫీగా పడితే అది మీ తొందర. ఆగి వేసినా గర్రుమంటుంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ఆయిల్ తగ్గిందో, అందులో గాలి చేరిందో, కేబుల్ సాగిందో.

మా పక్క బ్లాకులో గుంటూరు కుర్రాడొకడు ఉండేవాడు. నా ఇరవై డాలర్ల కథ విని తెగ ముచ్చటపడ్డాడు. అదే ఏడాది ఏప్రిల్లో వాడి బండి కూడా అరవడం మొదలుపెడితే, ట్యూబు కొనుక్కొచ్చి పెడల్‌కి బాగా పూశాడు. మేస్త్రి గారు విని, 'ఒరేయ్, ఇది ఇంజన్ ఆన్‌లోనే వస్తోంది, బేరింగ్‌రా ఇది. గేర్ బాక్స్ దించాల్సిందే' అన్నారు. ఆ పూటకి తలూపాడు. గ్రీన్ కార్డు ఖర్చులు, చెల్లెలి పెళ్లి, తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. ఆరు వారాలు అలాగే తిప్పాడు. ఓ సాయంత్రం రూట్ 1 మీద వాషింగ్టన్ రోడ్డు దగ్గర, ఆఫీసులు వదిలే రద్దీలో, పెడ్డ శబ్దంతో బేరింగ్ పట్టేసింది. క్లచ్ విడిపోవడం మానేసింది. బండి మధ్య లేన్లో ఆగిపోయింది. హజార్డ్ లైట్లు వేసుకుని లోపల కూర్చున్నవాణ్ని వెనకనుంచి ఎవరూ గుద్దలేదు, అంతే అదృష్టం. బేరింగ్ ఒక్కటే అనుకున్నది, ప్రెజర్ ప్లేటు వేళ్లు విరిగి, ఫ్లైవీల్ మీద గీతలు పడి, టోయింగ్‌తో కలిపి అసలు ఖర్చుకి దాదాపు రెట్టింపు అయింది.

నాకు వచ్చింది కాలి దగ్గర చప్పుడు, వాడికి వచ్చింది బేరింగ్ చప్పుడు. బయట నిలబడి వింటే రెండూ ఒకేలా ఉండేవి. తేడా చెప్పింది తాళంచెవి ఒక్కటే.

మెకానిక్ దగ్గర

రిలీజ్ బేరింగ్ మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి. వస్తువు ఖరీదు తక్కువ, కూలి ఎక్కువ. అందుకే దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగ్ మూడూ సెట్టుగా మార్చేయమంటారు. ఆ మాటలో మోసం లేదు. నలభై డాలర్ల ప్లేటు మిగిల్చుకుని ఏడాది తర్వాత మళ్లీ కూలి కట్టుకోవడం తెలివి కాదు. ఇప్పటి ధరల్లో ఈ పని మామూలు కారుకి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల దాకా అవుతుంది. కాబట్టి రెండు చోట్ల రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. 'క్లచ్ పోయింది' అని చెప్పి వెళ్లకండి. 'ఇంజన్ ఆన్‌లో, పెడల్ కొంచెం తొక్కితే మొదలవుతోంది, వదిలితే ఆగుతోంది' అని చెప్పండి. అలా చెప్పిన కస్టమరుతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. తీసేసిన పాత సామాను నాకివ్వండి అని పని మొదలుపెట్టకముందే అడగండి.

'ఇన్‌స్పెక్షన్ పాసైంది కదా, బండి బాగానే ఉంది' అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. న్యూజెర్సీలో 2010 ఆగస్టు నుంచి మామూలు కార్లకి మెకానికల్ తనిఖీ ఎత్తేశారు. పొగ సంగతే చూస్తారు. మీ క్లచ్ ఎలా ఉందో, ఆ మాటకొస్తే బ్రేకులెలా ఉన్నాయో స్టిక్కరు చెప్పదు.

వారంటీ ఉన్న బండైనా, క్లచ్ ప్లేటు అరిగిపోయే సరుకు అని చాలా కంపెనీలు చేతులెత్తేస్తాయి. కాగితం చదివి సంతకం పెట్టండి. అయితే కంపెనీ తప్పే ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 2023లో మాన్యువల్ గేరు ఉన్న జీప్ రాంగ్లర్, గ్లాడియేటర్ బళ్లను దాదాపు 69 వేలు వెనక్కి పిలిచారు. క్లచ్ ప్రెజర్ ప్లేటు విపరీతంగా వేడెక్కి పగిలే ప్రమాదం, మంటలు రేగే ప్రమాదం ఉందని. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు దాని 17 అక్షరాల విన్ నంబరుతో కేంద్ర రవాణా భద్రతా సంస్థ, అంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దగ్గర రీకాల్ బాకీ ఉందేమో చూడండి. ఉచితం. రీకాల్ కింద చేసే పని కూడా ఉచితమే, మీరు ఎన్నో యజమాని అయినా సరే.

గల్ఫ్‌లో పికప్పులు, లారీలు నడిపే అన్నదమ్ములకి కూడా ఈ పరీక్షంతా అక్షరాలా వర్తిస్తుంది. ఇక్కడ ఉప్పు, మంచు. అక్కడ ఇసుక దుమ్ము. బండి కంపెనీదే కావచ్చు, కానీ నడిరోడ్డు మీద ఆగిపోతే మాట పడేది డ్రైవరు. చప్పుడు మొదలైన రోజే ఏ స్థితిలో వస్తోందో చెప్పి సూపర్‌వైజరుకి ఒక మెసేజ్ పెట్టి ఉంచుకోండి.

ఇక మన అలవాట్లు. ఊళ్లో గుంతల రోడ్లమీద నేర్చుకున్నాం కదా, ఎడమకాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఆనించి ఉంచుతాం. ఆ కాలి బరువుకే రిలీజ్ బేరింగ్ రోజంతా ఒత్తిడిలో తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి క్లచ్ తొక్కి పట్టుకోవడమూ అంతే. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెడితే ప్లేటు కాలుతుంది. రెడ్ లైట్ పడితే న్యూట్రల్, కాలు పక్కన పెట్టుకునే చోట పెట్టడం. ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్.

మేస్త్రి గారు ఆ జూన్‌లో వెళ్లిపోయారు. వెళ్లే ముందు గుంటూరు కుర్రాడు తన పాత బేరింగ్ తెచ్చి చూపించాడు. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని వేలితో తిప్పి, వాడి చెవి దగ్గర పెట్టారు. గరగరమంది. 'ఇదేరా నెలన్నర పాటు నిన్ను పిలిచింది' అన్నారు. ఆ బేరింగ్‌ని ఊళ్లో షెడ్డులో కుర్రాళ్లకి చూపిస్తానని పేపర్లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నారు.